టెక్సాస్‌లో బైక్ మీద హ్యాండ్‌గన్: లైసెన్స్ వచ్చింది, ఒంటి మీద ఎక్కడ పెట్టుకోవాలో కుదరట్లేదు

ఇర్వింగ్_ఇంటర్‌సెప్టర్

అందరికీ నమస్కారం. టెక్సాస్‌లో బైక్ నడిపే మనవాళ్ళు ఎవరైనా ఉంటే కాస్త దారి చూపించండి.

మాది తెనాలి. ఇప్పుడు ఇర్వింగ్‌లో ఉంటున్నాం. ఫోర్ట్ వర్త్ వైపు ఒక చిన్న ఫార్మసీలో పని. వారంలో నాలుగు రాత్రులు షాపు మూసే డ్యూటీ నాదే. పదిన్నరకి తాళం వేసి ఖాళీ పార్కింగ్‌లో ఒక్కణ్ణే నూటయాభై అడుగులు నడిచి బైక్ దాకా వెళ్ళాలి. జనవరిలో ఒక రాత్రి ఇద్దరు నా బైక్‌కి ఆనుకుని నిలబడి ఉన్నారు. "బ్యాగులో మందులున్నాయా?" అని అడిగారు. అదృష్టం, పక్క షాపు సెక్యూరిటీ కారు లైట్లు పడ్డాయి, వెళ్ళిపోయారు. ఆ రాత్రి మా ఆవిడా నేనూ రెండింటిదాకా మాట్లాడుకున్నాం.

గ్రీన్ కార్డ్ ఉంది. క్లాసుకి వెళ్ళాను, 50 రౌండ్ల షూటింగ్ పరీక్ష పాసయ్యాను, ఏప్రిల్‌లో ఎల్‌టీసీ (హ్యాండ్‌గన్ వెంట పెట్టుకోవడానికి టెక్సాస్ ఇచ్చే లైసెన్స్) కార్డ్ ఇంటికొచ్చింది. గ్లాక్ 19 హ్యాండ్‌గన్ కొన్నాను. తోలు హోల్‌స్టర్ (గన్ పెట్టుకునే ఒర), నడుముకి కుడి వెనక, అంటే బొడ్డు దగ్గర పన్నెండు అనుకుంటే నాలుగు గంటల చోట పెట్టుకుంటున్నాను. నాది రాయల్ ఎన్‌ఫీల్డ్ 650. మా నాన్న బుల్లెట్ మీద పెరిగినవాణ్ణి, ఇంకో బండి మీద మనసు పోలేదు.

ఇబ్బందులు ఇవీ. పావుగంట నడిపేసరికి తుంటి దగ్గర సలుపు. కాస్త వంగితే జాకెట్ పైకి లేచిపోతుంది, వెనక కారువాడికి గన్ పిడి కనిపిస్తోందేమోనని హైవే అంతా అదే ధ్యాస. ఆదివారం గుడికి మా ఆవిడ వెనక కూర్చుంటే ఆమె చెయ్యి సరిగ్గా దాని మీదే పడుతుంది. పోయిన వారం "ఇది నాకు భయంగా ఉంది" అంది. పైగా మా ఓనర్ షాపు లోపలికి గన్ తేవద్దన్నారు, కాబట్టి డ్యూటీ అంతసేపూ బైక్ సైడ్ బ్యాగులో వదిలేస్తున్నాను. అది తప్పని నాకే అనిపిస్తోంది.

ఎక్కడ పెట్టుకుంటున్నారు, ఏం వాడుతున్నారు, చట్టం ప్రకారం బైక్‌కి వేరే రూల్స్ ఉన్నాయా?

శాన్_ఆంటోనియో_సూరి

తమ్ముడూ, సైడ్ బ్యాగులో వదలడం ఈ రాత్రి నుంచే ఆపెయ్. ఆ బ్యాగు జిప్పు కత్తిరించడానికి పది సెకన్లు చాలు. దొంగ చేతికి నీ గన్ వెళ్ళిందంటే తర్వాత జరిగేది ఏదీ నీ చేతిలో ఉండదు. మిగతావి నెమ్మదిగా చెప్తాను.

నేను 19 ఏళ్ళుగా ఇక్కడ బండి నడుపుతున్నాను. ఇప్పుడు వీ-స్ట్రోమ్ 650. 2022 అక్టోబర్‌లో హిల్ కంట్రీలో 337 రోడ్డు మీద, లేకీ నుంచి వాండర్‌పూల్ వెళ్తూ పడ్డాను. ఆ మలుపులు తెలిసినవాళ్ళకి తెలుసు, ఒక పక్క కొండ, ఇంకో పక్క లోయ. వానకి కొట్టుకొచ్చిన కంకర రోడ్డు మధ్యదాకా పరుచుకుని ఉంది. స్పీడ్ 35 మైళ్ళు దాటలేదు. ముందు చక్రం జారింది, కుడి పక్కకి పడి ఓ ముప్ఫై అడుగులు ఈడ్చుకుపోయాను. జాకెట్, ప్యాంటు, బూట్లు వాటి పని అవి చేశాయి. తోలు గీరుకుపోయింది రెండు చోట్లే.

కానీ గన్ నువ్వు పెట్టుకున్న చోటే ఉంది, నాలుగు గంటల దగ్గర. నా బరువంతా దాని మీద పడింది. రోడ్డుకీ తుంటి ఎముకకీ మధ్య అర కిలో పైన ఇనుము. ఎముక విరగలేదు గానీ, పిడి ఆకారం నా చర్మం మీద నల్లగా అచ్చు పడింది. దాని మీద గీతలు కూడా లెక్కపెట్టేంత స్పష్టంగా. ఆరు వారాలు ఎడమ పక్కకి తిరిగే పడుకున్నాను. డాక్టర్ ఎక్స్‌రే చూసి, "ఇదే ఇంకో నాలుగు అంగుళాలు వెనక్కి ఉండి ఉంటే వెన్నుపూస గురించి మాట్లాడుకునేవాళ్ళం" అన్నారు.

అందుకని ముందు చెప్పేది ఇదే. గన్ తీయాల్సిన రోజు జీవితంలో ఒక్కసారీ రాకపోవచ్చు. పడే రోజు మాత్రం బండి నడిపేవాడికి ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది. ఎంత తొందరగా తీయగలను అన్నదాన్ని బట్టి కాదు, పడితే అది నన్ను ఎక్కడ పొడుస్తుంది అన్నదాన్ని బట్టి చోటు చూసుకో. నడుము మధ్యలో, వెన్ను మీద ఎవరు పెట్టుకోమన్నా పెట్టుకోకు. కూర్చుంటే హాయిగానే ఉంటుంది, వెల్లకిలా పడితే వెన్నెముకకి అదే సుత్తి.

నేను ఇప్పుడు ముందు వైపు, బొడ్డుకి కొంచెం కుడిగా, ఒంటి గంట చోట, ప్యాంటు లోపల పెట్టుకుంటున్నాను. ఇదీ పూర్తిగా మంచిదని చెప్పను. ఎదురుగా గుద్దుకుంటే మనిషి ట్యాంకు మీదకి జారుతాడు, అప్పుడు ఆ గన్ పొత్తికడుపుని నొక్కుతుంది. స్పోర్ట్స్ బైక్ మీద వంగి నడిపేవాళ్ళకి ఈ చోటు అస్సలు కుదరదు. నీ ఎన్‌ఫీల్డ్ మీద వీపు నిటారుగానే ఉంటుంది. ట్యాంకుకీ పొట్టకీ మధ్య నాలుగు వేళ్ళు పట్టే సందు ఉంటే ప్రయత్నించొచ్చు. జాకెట్ లోపల ఛాతీకి కట్టుకునే పట్టీలు కూడా ఉన్నాయి, పొట్ట ఉన్నవాళ్ళకి అవి నయం. పక్కటెముకల సంగతి మాత్రం గుర్తుంచుకోవాలి.

గ్లాక్ 19 మంచి గన్నే, కానీ బండి మీద లావు ఎక్కువ. నేను దాన్ని ఇంట్లో ఉంచి, ఒంటి మీదకి సిగ్ పీ365 తీసుకున్నాను. సన్నం, బరువు అర కిలో. వెంటనే కొనమని కాదు. ముందు హోల్‌స్టర్ మార్చు. మెత్తబడ్డ తోలు హోల్‌స్టర్ అంచు లోపలికి మడత పడి ట్రిగ్గర్ మీదకి వస్తుంది, గన్ తోసే సమయంలో పేలిన సంఘటనలు ఉన్నాయి. కైడెక్స్ అనే గట్టి ప్లాస్టిక్‌ది తీసుకో, ట్రిగ్గర్ చుట్టూ ఉన్న కమ్మీ మొత్తం మూసుకోవాలి. నేను పడ్డప్పుడు హోల్‌స్టర్ అంచు పగిలింది, క్లిప్పు వంగింది, కానీ ట్రిగ్గర్ దగ్గర ఇసుక రేణువు కూడా చేరలేదు. ఆ 40 డాలర్ల ప్లాస్టిక్ ముక్కే నన్ను కాపాడిందని నమ్ముతాను.

ఇంకోటి, ఇది చాలామంది చూడరు. నీ రైడింగ్ జాకెట్ అడుగున నడుము బిగించే తాడు, దాని చివర చిన్న ప్లాస్టిక్ బిళ్ళ ఉంటుంది చూడు. గన్ లోపల పెట్టేటప్పుడు ఆ బిళ్ళ ట్రిగ్గర్ సందులో దూరితే అదే వేలు అవుతుంది. ఇప్పుడే వెళ్ళి కత్తెరతో కోసెయ్. నేను కొనే ప్రతి జాకెట్‌కీ మొదటి రోజు చేసే పని అదే.

ట్విన్ ఇంజన్ వణుకుకి హోల్‌స్టర్ స్క్రూలు వదులవుతాయి. నీలం రంగు లాక్‌టైట్ (స్క్రూలు వదులవకుండా పట్టి ఉంచే జిగురు) ఒక్కో చుక్క వేసి బిగించు, నెలకోసారి వేలితో తిప్పి చూడు. ఆగస్టులో చెమట ఉప్పుకి తుప్పు కూడా మామూలే, వారానికోసారి నూనె గుడ్డతో తుడవాలి.

పర్సు ఏ జేబులో పెట్టుకుంటావు? గన్ ఉన్న పక్కనే అయితే మార్చు. పోలీసు ఆపి లైసెన్స్ అడిగినప్పుడు నీ చెయ్యి గన్ వైపు వెళ్ళకూడదు. నా డ్రైవింగ్ లైసెన్స్, ఎల్‌టీసీ, గ్రీన్ కార్డ్ మూడూ జాకెట్ ఎడమ ఛాతీ జేబులో ఉంటాయి.

మా ఆవిడ విషయానికొస్తే, ఆమె వెనక కూర్చునే రోజు నేను గన్ పెట్టుకోను. నీకు నచ్చకపోవచ్చు. కానీ నడుము పట్టుకుని కూర్చున్న మనిషి భయపడుతుంటే ఆ భయం బండి మలుపు తిప్పేటప్పుడు నీకూ తెలుస్తుంది.

ఓపీటీ_కరీంనగర్

అన్నా, మంచి సమాచారం. నేను డెంటన్‌లో ఉంటా, రాత్రి షిఫ్టు చేసి స్కూటర్ మీద వస్తా. టెక్సాస్‌లో 2021 నుంచి లైసెన్స్ లేకుండానే పెట్టుకోవచ్చు అంటున్నారు కదా. ఎఫ్-1 స్టూడెంట్ వీసా మీద ఉన్నవాళ్ళకి కూడా వర్తిస్తదా? నా రూమ్మేట్ దగ్గర గన్ ఉంది, ఆయనది గ్రీన్ కార్డ్. ఆయనది తీసుకోవచ్చా?

రేంజ్_అక్క_ప్లేనో

కరీంనగర్ తమ్ముడూ, ముందు నీకే జవాబు, ఎందుకంటే ఇక్కడ పొరపాటు జరిగితే నీ చదువు, వీసా రెండూ పోతాయి. వద్దు. ముట్టుకోకు.

టెక్సాస్ చట్టం 2021 సెప్టెంబర్ 1 నుంచి 21 ఏళ్ళు నిండినవాళ్ళకి లైసెన్స్ లేకుండా అనుమతి ఇచ్చిన మాట నిజం. కానీ అది "వేరే చట్టం అడ్డుపడనివాళ్ళకి" మాత్రమే. ఫెడరల్ చట్టం నాన్-ఇమిగ్రెంట్ వీసా మీద వచ్చినవాళ్ళని గన్ గానీ, ఒక్క తూటా గానీ దగ్గర ఉంచుకోవద్దంటుంది. ఎఫ్-1, ఓపీటీ, హెచ్-1బీ, హెచ్-4 అన్నీ అందులోకే వస్తాయి. వేట లైసెన్స్ ఉన్నవాళ్ళకి ఒక మినహాయింపు ఉంది, నీ ఫ్రెండ్స్ దాని గురించే చెప్తూ ఉంటారు. దాన్ని నమ్ముకుని అడుగు వేసేముందు ఇమిగ్రేషన్ లాయర్‌కి డబ్బు కట్టి అడుగు. గన్‌కి సంబంధించిన నేరం దేశం నుంచి పంపేయడానికి ఒక కారణంగా చట్టంలోనే రాసి ఉంది. ఆ మాట గ్రీన్ కార్డ్ ఉన్నవాళ్ళకీ వర్తిస్తుంది, ఇర్వింగ్ తమ్ముడు కూడా వినాలి. రేంజ్‌లో అద్దెకి తీసుకుని కాల్చినా అది దగ్గర ఉంచుకోవడమే. మీ రూమ్మేట్ తన గన్ లాకర్‌లో పెట్టుకోవాలి, ఆ నంబర్ నీకు తెలియకూడదు. ఇది ఇవాళే ఆయనతో మాట్లాడు.

ఇర్వింగ్ తమ్ముడూ, నేను ఎల్‌టీసీ క్లాసులు చెప్తాను. నా క్లాసుకి వచ్చే మనవాళ్ళలో బైక్ నడిపేవాళ్ళు తక్కువే గానీ, వచ్చినవాళ్ళందరికీ ఇవే సందేహాలు.

టెక్సాస్‌లో బైక్ కూడా మోటారు వాహనమే. వాహనంలో గన్ బయటికి కనిపించకూడదు, కనిపిస్తే హోల్‌స్టర్‌లో ఉండాలి. కాబట్టి గాలికి నీ జాకెట్ లేచి పిడి ఒక్క క్షణం కనిపించినంత మాత్రాన నేరం కాదు, ఆ దిగులు వదిలెయ్. ఎవరినైనా బెదిరించేలా చూపించడం మాత్రం వేరే సంగతి. అది నేరమే.

లైసెన్స్ అక్కర్లేనప్పుడు ఎల్‌టీసీ ఎందుకు అని చాలామంది అడుగుతారు. బైక్‌వాళ్ళకి నేను చెప్పే కారణం స్కూళ్ళు. ఫెడరల్ చట్టం ప్రకారం స్కూలుకి 1000 అడుగుల లోపు గన్‌తో వెళ్ళకూడదు. ఇర్వింగ్ నుంచి ఫోర్ట్ వర్త్ దాకా ఎన్ని స్కూళ్ళ పక్కనుంచి వెళ్తావో ఒకసారి మ్యాప్‌లో చూడు. ఆ స్కూలు ఉన్న రాష్ట్రం ఇచ్చిన లైసెన్స్ ఉన్నవాళ్ళకి మినహాయింపు ఉంది. లైసెన్స్ లేకపోతే తూటాలు తీసి, తాళం వేసిన పెట్టెలో పెట్టి వెళ్ళాలి. "ఆ రాష్ట్రం ఇచ్చిన" అన్న మాట గమనించు. తలిమేనా డ్రైవ్ అనే కొండ రోడ్డు కోసం ఓక్లహోమా, ఆర్కాన్సా వెళ్ళే మన రైడర్లు, అక్కడ లైసెన్స్ అడగరు కదా అని ధీమాగా వెళ్తారు. ఆ రాష్ట్రాల సంగతి నిజమే, కానీ స్కూలు జోన్‌కి మన టెక్సాస్ కార్డ్ అక్కడ ఇచ్చింది కాదు కదా. నేనైతే ఆ ట్రిప్‌లో ఊళ్ళు దాటేటప్పుడు పెట్టెలోనే పెట్టమంటాను.

బోర్డులు కూడా చూసుకోవాలి. గుమ్మం దగ్గర 30.06 (అది చట్టంలోని సెక్షన్ నంబర్) అని ఉంటే దాచి పెట్టుకున్నా, లైసెన్స్ ఉన్నా లోపలికి వెళ్ళకూడదు. ఎర్రగా 51 శాతం అని ఉంటే అది మందు అమ్మకం మీద నడిచే చోటు, గుమ్మం కూడా తొక్కకు. గుళ్ళు, చర్చిల సంగతి 2019లో మారింది, వాళ్ళు వద్దని చెప్పకపోతే లైసెన్స్ ఉన్నవాళ్ళు వెళ్ళొచ్చు. కానీ చెప్పులు విప్పి సాష్టాంగం చేసే చోట ముందు వైపు గన్ పెట్టుకుని ఏం చేస్తావు? సూరి గారు చెప్పినట్టు ఆదివారం ఇంట్లో లాకర్‌లో ఉంచి రా. ఇంట్లో పిల్లలుంటే ఆ లాకర్ తప్పనిసరి. 17 ఏళ్ళ లోపు పిల్లల చేతికి అందేలా ఉంచడం టెక్సాస్‌లో నేరం.

పోలీసు ఆపి గుర్తింపు కార్డ్ అడిగినప్పుడు ఒంటి మీద గన్ ఉంటే డ్రైవింగ్ లైసెన్స్‌తో పాటు ఎల్‌టీసీ కూడా ఇవ్వాలి. ఇంజన్ ఆపి, రెండు చేతులూ హ్యాండిల్ మీద ఉంచి, ఆయన దగ్గరికి వచ్చాక నోటితో చెప్పు. చెప్పకుండా జాకెట్ జిప్పు మీద చెయ్యి వెయ్యకు. హెల్మెట్ కూడా ఆయన తీయమన్నాకే.

ఇక మీ షాపు సంగతి, నాకు అసలు ఆందోళన అక్కడే. తాళం వేసిన సొంత వాహనంలో ఉద్యోగి గన్ ఉంచుకుంటే యజమాని అడ్డు చెప్పకూడదని టెక్సాస్ చట్టంలో ఉంది. కానీ అది కారుని దృష్టిలో పెట్టుకుని రాసిన మాట. సైడ్ బ్యాగు తాళం వేసిన వాహనం అవుతుందా అని కోర్టులో వాదించుకునే పరిస్థితి నీకెందుకు? పైగా నీకు భయం పుట్టిందే షాపు తలుపు నుంచి బైక్ దాకా ఉన్న ఆ నూటయాభై అడుగుల్లో. గన్ బైక్‌లో ఉంటే ఆ నూటయాభై అడుగులూ నువ్వు వట్టి చేతులతోనే నడుస్తున్నావు, అవతలివాళ్ళు గన్ పక్కన నిలబడి ఉన్నారు. మీ ఓనర్‌ని మళ్ళీ అడుగు. లోపల పెట్టుకు తిరుగుతానని కాదు, వెనక గదిలో చిన్న ఇనప పెట్టె బిగించుకుంటాను, రాగానే అందులో పెట్టి పోయేటప్పుడు తీసుకుంటాను అని. ఒప్పుకుంటే రాసి ఇవ్వమను. ఒప్పుకోకపోతే గన్ ఇంట్లో వదిలి, పార్కింగ్‌లో లైట్లు, మూసే వేళకి ఇద్దరు మనుషులు ఉండేలా పట్టుబట్టు. అవి గన్ కన్నా ఎక్కువ పని చేస్తాయి.

పెట్టెలో పెట్టేటప్పుడు గన్‌ని హోల్‌స్టర్ నుంచి లాగొద్దు. హోల్‌స్టర్‌తో సహా నడుము నుంచి తీసి అలాగే పెట్టు. గన్ బయటికి తీసి లోపల పెట్టిన ప్రతిసారీ పొరపాటుకి ఒక అవకాశం.

చేతికి గ్లవ్స్ ఉంటే ట్రిగ్గర్ కమ్మీలో వేలు పట్టదు, పడితే బయటికి రాదు. గ్లవ్స్‌తో గన్ ముట్టుకోకు. నడుస్తున్న బండి మీద అసలు ఆ ఆలోచనే వద్దు. హైవే మీద ఎవడైనా వెంటబడితే నీకున్న దారి ముందుకి పోవడం, వెలుతురూ మనుషులూ ఉన్న చోటు చూసుకుని 911కి ఫోన్ చెయ్యడం.

శాన్_ఆంటోనియో_సూరి

అక్క చెప్పినవాటికి నేను కలపాల్సింది ఒక్కటే. యాక్సిడెంట్ అయితే అంబులెన్స్ వాళ్ళు బట్టలు కత్తిరిస్తారు. వాళ్ళకి గన్ ముందుగా తెలియాలి. నేను రోడ్డు మీద పడుకునే, "కుడి నడుము దగ్గర హ్యాండ్‌గన్ ఉంది, లైసెన్స్ ఉంది, నేను ముట్టుకోను" అని రెండుసార్లు చెప్పాను. ఒక డిప్యూటీ (షెరిఫ్ ఆఫీసు పోలీసు) వచ్చి హోల్‌స్టర్‌తో పాటే తీసి రసీదు ఇచ్చాడు. తొమ్మిది రోజుల తర్వాత వెళ్ళి తెచ్చుకున్నాను. ఆ వాక్యం ఇంగ్లీషులో నోటికి వచ్చేదాకా చెప్పుకో. నొప్పిలో నాకు ముందు తెలుగే వచ్చింది.

కొత్త చోటు అలవాటు చేసుకునేటప్పుడు నీలం రంగు ప్లాస్టిక్ డమ్మీ గన్ కొనుక్కో. గరాజ్‌లో బండి మీద అరగంట కూర్చో. హ్యాండిల్ రెండు పక్కలా చివరిదాకా తిప్పు, కాళ్ళు దించు, దిగు, ఎక్కు. ఎక్కడ పొడుస్తుందో అప్పుడే తెలుస్తుంది.

ఇర్వింగ్_ఇంటర్‌సెప్టర్

మూడు వారాలు అయింది, ఏం జరిగిందో చెప్దామని వచ్చాను.

మీ మెసేజ్ చదివిన రాత్రే జాకెట్ తిరగేసి చూశాను. తాడు చివర బిళ్ళ, సరిగ్గా కుడి పక్కనే. నిజంగా చెమటలు పట్టాయి. కోసేశాను.

డమ్మీతో గరాజ్‌లో కూర్చున్నాను. నాలుగు గంటల చోట ఎంత తప్పో కుడి కాలు దించినప్పుడు అర్థమైంది. కూర్చునే ప్రతిసారీ పిడి సీటు అంచుకి తగిలి పైకి పొడుస్తోంది. ముందు వైపు ఒంటి గంట చోట, వెనక మెత్తటి స్పాంజి ముక్క పెట్టి చూస్తే నలభై నిమిషాలు ఇబ్బంది లేదు. కైడెక్స్ హోల్‌స్టర్ వచ్చింది, స్క్రూలకి లాక్‌టైట్ వేశాను. గ్లాక్ 19 లావే, ఒప్పుకుంటున్నాను. చిన్నదానికి డబ్బు జమ చేస్తున్నాను, అప్పటిదాకా దీనితోనే.

మా ఓనర్‌ని అడిగాను. మొదట తల అడ్డంగా ఊపారు. జనవరి రాత్రి సంగతి అప్పటిదాకా ఆయనకి పూర్తిగా చెప్పలేదు, చెప్పాను. రెండు రోజుల తర్వాత ఆయనే పిలిచి, మందుల గది కాకుండా వెనక ఆఫీసు గదిలో పెట్టె బిగించుకోమన్నారు, కాగితం రాసిచ్చారు. పార్కింగ్‌లో కాలిపోయిన రెండు లైట్లూ మార్పించారు. ఇప్పుడు మూసేటప్పుడు టెక్నీషియన్ అమ్మాయి కారు ఎక్కేదాకా నేను నిలబడతాను, నేను బండి స్టార్ట్ చేసేదాకా ఆమె ఉంటుంది.

ఆదివారం గన్ లాకర్‌లోనే. మా ఆవిడ మళ్ళీ నడుము పట్టుకుని కూర్చుంటోంది.

ఒక్కటి మిగిలింది. గ్లవ్స్ తీసి, జాకెట్ జిప్పు దించి, చొక్కా ఎత్తడానికి నాకు ఎంత టైం పడుతుందో చూసుకోవాలి. అక్కా, వచ్చే శనివారం మీ దగ్గర స్లాట్ ఉందా? జాకెట్ వేసుకునే వస్తాను.